మూలబడిన సాధనము - అపరిగ్రహ ధర్మము

శ్రీ కల్పసూత్రములో సిద్ధార్థ మహారాజు ప్రాతఃకాల దినచర్య వర్ణింపబడినది. త్రిశలాదేవి పదునాలుగు మహాస్వప్నములను గాంచిన రాత్రి తెల్లవారగానే రాజు శయ్య విడిచి మొదట కొలువునకు పోలేదు, వ్యాయామశాలకు పోయెను. అచ్చట దుముకుట, అవయవములను వంచుట, మల్లయుద్ధము మొదలగు పలువిధములైన సాధనలు చేసి బాగుగా అలసెను. పిమ్మట నేర్పరులు శతపాక సహస్రపాక తైలములతో ఒడలెల్ల మర్దన చేసిరి. అటుపై స్నానమాడి, అలంకరించుకొని, సభకు వచ్చి స్వప్నశాస్త్రజ్ఞులను పిలిపించెను. పర్యుషణ పర్వములో ఈ ఘట్టమును ఏటేట వినువారు స్వప్నముల మీదనే మనసు నిలిపి వ్యాయామశాలను దాటిపోవుదురు. కాని భద్రబాహుస్వామి దానిని వ్యర్థముగా చెప్పియుండరు. తీర్థంకరునకు తండ్రి కాబోవు మహానుభావుడు సైతము తన శరీరమును తానే శ్రమపెట్టెను. సేవకులున్నారు గదా యని వారిచేత వ్యాయామము చేయింపలేదు. తైలమును ఇతరులు రాయగలరు. చెమట మాత్రము ఎవరిది వారే కార్చవలెను.

జైనధర్మము శరీరమును ద్వేషింపుమని చెప్పదు. శరీరమునకు దాసుడవు కావలదని మాత్రము చెప్పును. ఉత్తరాధ్యయన సూత్రములోని కేశి గౌతమ సంవాదములో శరీరము నావతోను, జీవుడు నావికునితోను, సంసారము సముద్రముతోను పోల్చబడినవి. నావకు చిల్లి పడనిచ్చి ఒడ్డు చేరుదుననుకొను నావికుడు తెలివిగలవాడు కాడు. నావకు బంగారు రేకులు తొడిగించి రేవులోనే కట్టివేసికొనువాడును తెలివిగలవాడు కాడు. ఉపవాసము చేయుటకును, సామాయికములో స్థిరముగా కూర్చుండుటకును, తీర్థయాత్రలో కొండ యెక్కుటకును దేహబలము కావలెను. సమ్మేదశిఖరమును దర్శించు యాత్రికుడు ఎక్కుట, టోంకులను చుట్టి వందనము చేయుట, దిగుట కలిపి సుమారు 27 కిలోమీటర్లు నడచును. మోకాళ్లు నడువనిచో భక్తి డోలీ యెక్కవలసి వచ్చును. కాబట్టి గృహస్థుడు ఆరోగ్యమును గూర్చి యోచించుట తప్పు కాదు. ఆ యోచన ఏ దారిన పోవుచున్నదన్నదే ప్రశ్న.

నేటి యిండ్లలో వ్యాయామశాల కలదు, వ్యాయామము లేదు. ఒక గదిలో ట్రెడ్‌మిల్ అను నడకయంత్రము, దాని ప్రక్కన ఎక్కడికిని పోని సైకిలు, మంచము క్రింద డంబెల్సు, అటక మీద పొట్ట తగ్గించు పట్టీ. 2020 మార్చి 25న దేశమెల్ల లాక్‌డౌను అయినపుడు వీథిలో నడచుటకు వీలులేక అనేకులు ఇట్టి వస్తువులను కొనిరి. ఆనాడు ఆ కొనుగోలునకు కారణము కలదు. వీథులు తెరచుకొని ఏండ్లు గడచినవి. యంత్రములు మాత్రము ఇంటిలోనే నిలిచిపోయినవి. వానిపై ఆరవేసిన తువ్వాళ్లు, మడత పెట్టని దుప్పట్లు, విప్పని పార్సిళ్లు కానవచ్చును.

ఈ నడకయంత్రము యొక్క పూర్వవృత్తాంతము విచిత్రమైనది. ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు 1818 ప్రాంతమున కారాగారములలోని ఖైదీల కొరకు ఒక మెట్లచక్రమును కల్పించెను. ఖైదీలు గంటల తరబడి ఆ మెట్లను త్రొక్కవలెను. ఎంత త్రొక్కినను ఉన్నచోటనే ఉందురు. 1898 నాటి చట్టము తరువాత ఆ శిక్ష అచ్చట అంతరించినది. ఒకనాడు నేరస్థునకు విధించిన శ్రమను నేడు గృహస్థుడు వేలు పోసి కొనుచున్నాడు. కొనుట నవ్వదగినది కాదు. వైద్యశాలలలో హృదయ పరీక్షకు, కాలు సరిగా ఆడనివానికి నడక నేర్పుటకు ఆ యంత్రమే ఉపకరించుచున్నది. అయితే ఆ ఖైదీ చక్రమును త్రొక్కక తప్పదు; ఈ గృహస్థుడు త్రొక్కకయే దానికి బందీ యగుచున్నాడు.

ఎమ్మిగనూరు వంటి యూరిలో ఈ సంగతి మరింత స్పష్టముగా కనబడును. ఈ యూరు పూర్వము బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్ళారిని విడిచి ఆంధ్రములో చేరినవి. నాటి నుండి ఇది కర్నూలు జిల్లాలోని యూరు. మగ్గము ఈ యూరికి ప్రాణము. గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాడు కాలితో త్రొక్కుచు, చేతితో నాడె విసరుచు పగలెల్ల శ్రమించును. వానికి వేరే యంత్రముతో పని లేదు. ఆతడు నేసిన బట్టను అమ్ము వర్తకుడు ఉదయము గల్లాపెట్టె ముందు కూర్చున్నచో రాత్రి లెక్క చూచుకొనువరకు లేవడు. బేరమునకు నోరు ఆడును, నోట్ల లెక్కకు వ్రేళ్లు ఆడును. తక్కిన దేహము దిండునకు ఆనియుండును. ఇంటికిని అంగడికిని నడుమ నాలుగు వందల అడుగులున్నను స్కూటరే గతి. ఐ.సి.ఎం.ఆర్. ఆధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన పరిశోధన ననుసరించి దేశములో మధుమేహము కలవారు సుమారు 10.1 కోట్ల మంది. కూర్చుండి చేయు వృత్తులవారు ఈ సంఖ్యను తమకు సంబంధించనిదిగా ఎంచరాదు.

ఇక పూర్వకాలపు పల్లెలను చూడుడు. రచ్చకట్ట దగ్గర ఒక రాతిగుండు పడియుండెడిది. సాయంకాలము పడుచువాండ్రు చేరి దానిని మోకాలి వరకు, రొమ్ము వరకు, భుజము వరకు ఎత్తెడివారు. ఊరంతటికి ఒకటే గుండు. అది ఎవరి యింటిలోను చోటు ఆక్రమింపలేదు. ఎవరి సొమ్మును హరింపలేదు. ఆ గుండునకు కొన్నవాడు యజమాని కాడు, ఎత్తినవాడే యజమాని. నేడు ఇంటింట గుండు కలదు, ఎత్తువాడే కరవు.

ఒక దృష్టాంతమును తీసికొందురు గాక. ఎమ్మిగనూరు బజారులో బట్టల అంగడి నడుపు ఒక గృహస్థుని భావింపుడు. వయస్సు ఏబది దాటినది. రక్తములో చక్కెర పెరిగినది. దినమునకు అరగంట నడువుమని వైద్యుడు చెప్పెను. బెంగుళూరిలో ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి మీది ప్రేమతో నలుబది వేల రూపాయల నడకయంత్రమును తెప్పించి పంపెను. మొదటి వారము ఇంటిల్లిపాది వంతులు వేసికొని నడచిరి. రెండవ నెలలో ఆదివారములు మాత్రమే. నాలుగవ నెలలో దానిపై తడిబట్టలు ఆరినవి. ఏడాది తిరుగునప్పటికి అంగడిలో పట్టని చీరల మూటలు దానిపై చేరినవి. ఆ గదిలో తూర్పు కిటికీ దగ్గర ఆతని తల్లి ముప్పది యేండ్లుగా సామాయికము చేసికొనెడిది. యంత్రము ఆ చోటును ఆక్రమించుటచే ఆమె తన కటాసనమును వంటయింటి వాకిట పరచుకొన్నది. ఆమె ఎవరితోను ఏమియు అనలేదు.

ఒకనాడు మనుమరాలు ఆడుకొనుచు మీట నొక్కెను. పట్టా కదలి పసిదాని అరచేయి ఒరసుకొనిపోయినది. ఆ సాయంకాలము తల్లి కుమారుని పిలిచి, “నాయనా, ఆ యంత్రమును ఎవరికైన ఇచ్చివేయరాదా?” అని అడిగినది.

“నలుబది వేలమ్మా! ఇప్పుడు అమ్మితే పది వేలకైనా అడుగుతారో లేదో.”

“అంగడిలో పోయిన యేటి చీరలు మిగిలితే ఏం చేస్తావు?”

“పండుగకు ముందే ధర తగ్గించి అమ్మేస్తాను. నిలవ వుంచేకొద్దీ రంగు వెలుస్తుంది, వడ్డీ మీద పడుతుంది.”

“అంగడిలో తెలిసిన లెక్క ఇంట్లో ఎందుకు తెలియలేదు నాయనా?”

“రేపటినుంచి తప్పకుండా నడుస్తానమ్మా.”

“నీ రేపును రెండు దీపావళులనుంచి వింటున్నాను” అని ఆమె లేచి ప్రతిక్రమణమునకు పోయినది.

ఈ కుమారుడు చెడ్డవాడు కాడు. పరిగ్రహ పరిమాణ వ్రతము తీసికొన్నవాడే. భూమికి, బంగారమునకు, రొక్కమునకు హద్దు పెట్టుకొన్నవాడే. అయినను అతని వ్రతమునకు ఒక కన్నము పడినది. శాస్త్రకారులు పరిగ్రహ వ్రతాతిచారములను చెప్పునపుడు క్షేత్రవాస్తువులు, హిరణ్యసువర్ణములు, ధనధాన్యములు మొదలగువానితో పాటు కుప్యము అను దానినిగూడ చేర్చిరి. కుప్యమనగా పాత్రలు, మంచములు, బట్టలు మొదలగు ఇంటి సామాను. బంగారమును లెక్కించువాడు సామానును లెక్కింపడు. కావున లోభము ముందు వాకిటిని వదలి పెరటి వాకిట ప్రవేశించును.

పరిగ్రహమునకు శాస్త్రము చెప్పిన మూలము మూర్ఛ. ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున వస్తువునందలి మూర్ఛయే పరిగ్రహమని నిర్ణయించెను. దశవైకాలిక సూత్రములోను ఇదే భావము కలదు: సంయమము కొరకు ముని ధరించు వస్త్రపాత్రములు పరిగ్రహము కావు, వానియందు మమకారము పుట్టినచో అది పరిగ్రహము. దీనిని బట్టి ఒక సూక్ష్మము తేలుచున్నది. వాడుకలోనున్న వస్తువు ఉపకరణము. దినదినము ఆ యంత్రముపై నడచి, ఆరోగ్యము నిలుపుకొని, ఆ బలముతో ధర్మమాచరించువానికి అది ఉపకరణమే. దానిని ఉంచుకొనుటలో దోషము లేదు. వాడని వస్తువును వదలలేకపోవుటలోనే మూర్ఛ బయటపడును. పనికి వచ్చు వస్తువును ప్రేమించుటకు కారణము చెప్పవచ్చును. పనికిరాని దానిని పట్టుకొని వ్రేలాడుటకు మమకారము తప్ప వేరు కారణమేమున్నది?

మూర్ఛ రెండు రూపములను ధరించును. ఒకటి గడచిన దానిపై మమకారము: “ఇంత సొమ్ము పెట్టితిమి” అనుట. రెండవది రానున్న దానిపై మమకారము: “ఒకనాడు వాడుదును” అనుట. మొదటిది పోయిన రొక్కమును పట్టుకొని యుండును. రెండవది ఇంకను పుట్టని మనుష్యుని, అనగా తెల్లవారుజామున లేచి గంటసేపు నడచు ఒక ఊహాపురుషుని, పట్టుకొని యుండును. ఈ యిద్దరి నడుమ నేటి మనుష్యుడు, చక్కెర వ్యాధి గల మనుష్యుడు, మరువబడుచున్నాడు. ఇదియే ఇందలి నిజమైన నష్టము. యంత్రము ఇంటిలో ఉన్నంత కాలము ఆతడు “సాధనము సిద్ధముగా ఉన్నది గదా” అని మనసును ఓదార్చుకొనును. వైద్యుడు ఒక మాత్రకు రెండవ మాత్రను చేర్చును. వస్తువు పని చేయకపోవుటయే కాదు, చేయవలసిన పనికి అడ్డుగోడ యగుచున్నది.

గుణవ్రతములలో అనర్థదండ విరతి యొకటి. ప్రయోజనము లేని పాపమును మానుట దాని యర్థము. ఆ వ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో చివరిది, అవసరమునకు మించి భోగోపభోగ సామగ్రిని చేర్చుకొనుట. బ్రతుకుతెరువు కొరకు చేయు ఆరంభములో కొంత హింస తప్పదని గృహస్థునకు శాస్త్రము సడలింపు నిచ్చినది. కాని ఏ ప్రయోజనమును లేని వస్తువు కొరకు గనులలో త్రవ్విన ఇనుము, కాల్చిన బొగ్గు, ఓడలపై లారీలపై మోసిన భారము, వీని వలన కలిగిన హింసకు ఏ సడలింపు కలదు? కొన్న తరువాత వాడినచో కొంతలో కొంత సమాధానము చెప్పవచ్చును. వాడనిచో ఆ హింస యంతయు ఊరకే జరిగినట్లే.

హింస అంతటితో ఆగదు. సాధుసాధ్వులు తమ ముహపత్తి, రజోహరణము, పాత్రలు మొదలగువానిని దినమునకు రెండు మారులు ప్రతిలేఖనము చేయుదురు. ఏ చిన్న ప్రాణి యైన చేరినదేమో యని విప్పి చూచి మెల్లగా తొలగింతురు. వారు కొలది వస్తువులనే ఉంచుకొనుటకు ఇదియు నొక కారణము: చూడగలిగినన్నియే ఉంచుకొనవలెను. తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయములో వస్తువును చూడక పెట్టుట, సరిగా తుడువక పెట్టుట, తొందరపడి పెట్టుట, ధ్యాస లేక పెట్టుట అను నిక్షేప భేదములు చెప్పబడినవి. మూలబడిన యంత్రమును దీనితో పోల్చి చూడవలెను. మోటారు మూత క్రింద సాలీడు గూడు కట్టును. పట్టా సందులలో చీమలు చేరును. వెనుక బల్లి గ్రుడ్లు పెట్టును. రెండేండ్ల తరువాత ఒకనాడు హఠాత్తుగా మీట నొక్కినచో ఆ జీవులన్నియు ఒక్కసారిగా నలిగిపోవును. ఆ దోషము మీట నొక్కిన క్షణమున పుట్టినది కాదు. చూడక విడిచిపెట్టిన ప్రతిదినము కొంచెము కొంచెముగా కూడినది.

మనుష్యులకును అపాయము కలదు. 2021 మే నెలలో అమెరికాలో పెలటాన్ అను సంస్థ తన ట్రెడ్ ప్లస్ అను నడకయంత్రములను, సుమారు 1,25,000 యంత్రములను, వెనుకకు పిలిపించుకొనవలసి వచ్చెను. ఒక బిడ్డ దాని క్రింద చిక్కి మరణించుట, మరికొందరు గాయపడుట అందులకు కారణము. ఇంటిలో పిల్లలున్నచో వాడని యంత్రము యొక్క తీగను గోడనుండి తీసివేయవలెను. రక్షణతాళమును, అనగా పట్టాను ఆపు ఎఱ్ఱని త్రాటి తాళమును, పిల్లలకు అందనిచోట దాచవలెను. ఇది లౌకికమైన జాగ్రత్త యని తోచవచ్చును. అహింసాణువ్రతమునకు ఇంతకన్న దగ్గరి మెట్టు లేదు.

శ్రేణిక మహారాజు కథ వర్తకులకు చక్కగా బోధపడునది. రాజగృహములో పూణియా అను శ్రావకుడుండెను. దూది ఏకి, ఏకులు చేసి, ఆ కొలది రాబడితో జీవించెడివాడు. తానొకనాడు, భార్య యొకనాడు ఉపవసించి ఆ మిగులుతో సాధర్మికునకు అన్నము పెట్టెడివారు. నరకగతిని తప్పించుకొను ఉపాయమడిగిన శ్రేణికునకు భగవాన్ మహావీరుడు, పూణియా చేయు సామాయికములలో ఒక్కదాని ఫలమును కొనగలిగినచో చాలునని సెలవిచ్చెను. రాజు సంతోషముతో పోయి వెల చెప్పుమనెను. పూణియా తనకు వెల తెలియదని, స్వామినే అడుగుమని వినయముగా బదులు చెప్పెను. రాజు భాండాగారమంతయు తెచ్చి గుట్టపోసినను అది ఒక్క సామాయికమునకు దలాలీ సొమ్మైనను కాదని స్వామి వచనము. ఆనాడు రాజునకు తెలిసినది: కొనదగినవి కొన్ని, చేయదగినవి కొన్ని. చేయదగిన దానిని కొనలేము.

కటాసనమును కొనవచ్చును, సామాయికమును కొనలేరు. జపమాలను కొనవచ్చును, జపమును కొనలేరు. నడకయంత్రమును కొనవచ్చును, నడకను కొనలేరు. రొక్కమిచ్చి రసీదు పుచ్చుకొన్న క్షణముననే సగము ఆరోగ్యము చేతికి వచ్చినట్లు మనసు భ్రమపడును. వర్తకునకు ఈ భ్రమ మరింత సులభము; ఏలయన వాని జీవితములో వెల యిచ్చిన ప్రతి వస్తువును వాని దగుచుండును. పూణియా కథలో మరియొక విశేషము కలదు. ఒకనాడు ఆతనికి సామాయికములో మనసు నిలువలేదు. కారణమేమని భార్య నడుగగా, దారిలో పడియున్న ఒక పిడకను అడుగకయే తెచ్చి పొయ్యిలో పెట్టితినని ఆమె చెప్పెను. ఒక పిడక ఒక మహాశ్రావకుని చిత్తమును కలచెను. ఇంటి నిండ పేరుకొన్న వస్తువులు సామాన్య శ్రావకుని చిత్తమును కలచకుండునా?

పరిమితి యనగా దారిద్ర్యమని ఎవరును భయపడనక్కరలేదు. ఉపాసకదశాంగ సూత్రములోని ఆనంద శ్రావకుడు వాణిజ్యగ్రామములో గొప్ప ధనవంతుడు. నాలుగు కోట్ల సువర్ణము నిధిగాను, నాలుగు కోట్లు వ్యాపారములోను, నాలుగు కోట్లు గృహసంపదలోను ఉంచుకొని, పదివేల గోవుల మందలు నాలుగింటిని, ఐదువందల నాగళ్లను, దూరప్రయాణమునకు ఐదువందల బండ్లను, ఊరిపనికి ఐదువందల బండ్లను హద్దుగా పెట్టుకొనెను. అంతటి సంపన్నుడు మరల ఒళ్లు తుడుచుకొను వస్త్రమునకును, పలుదోము పుల్లకును, ఒంటికి రాచుకొను తైలమునకును, స్నానపు నీటికిని గూడ హద్దు పెట్టుకొనెను; నీటికి ఎనిమిది కుండలు. కోట్లకు హద్దు పెట్టుకొన్నవాడు కుండలను లెక్కించుట చిన్నతనమని ఎంచలేదు. నేటికిని ప్రతిదినము పదునాలుగు నియమములను ధారణ చేయువారు కలరు. తినుబండారములను, వాహనములను, వస్త్రములను ఉదయమున లెక్కకట్టువారు ఇంటిలోని యంత్రములను గూడ ఆ లెక్కలో చేర్చుట సులభము.

అట్లయిన మూలబడిన సాధనమును ఏమి చేయవలెను? మొదట దానికి న్యాయముగా ఒక గడువు ఈయవలెను. ముప్పది దినములు దానిని వాడుదునని ప్రత్యాఖ్యానము తీసికొని, గోడమీద తేదీలు వ్రాసి, చేసిన దినమునకు గుర్తు పెట్టవలెను. మొదలుపెట్టుటకు ముందు తీగ తీసివేసి, మెత్తని పూంజణితో సందులన్నియు తుడిచి, ప్రాణులను వేరుచోటికి చేర్చవలెను. గ్రుడ్లో పిల్లలో కనబడినచో అవి వెడలునంతవరకు ఆగవలెను. ముప్పది దినములలో ఇరువది దినములైన వాడినచో ఆ వస్తువు ఉపకరణమై యింటిలో నిలుచుటకు అర్హమైనది. వాడనిచో సందేహము తీరినది. అప్పుడిక “రేపు” అను మాటకు తావీయరాదు.

వదలుటకు మూడు దారులు. మొదటిది అమ్ముట. అమ్మునపుడు సత్యాణువ్రతమును, అచౌర్యాణువ్రతమును మరువరాదు. నాసిరకమును మేలిరకముగా చూపి అమ్ముట అచౌర్య వ్రతాతిచారములలో నొకటి. పట్టా అరిగినచో అరిగినదనియు, మోటారు చప్పుడు చేయుచున్నచో చేయుచున్నదనియు చెప్పి, కొనువాని యెదుట నడిపి చూపవలెను. అంగడిలో గజము కొల్చునపుడు పాటించు నిజాయితీని ఇంటి పాతసామాను దగ్గర పాటింపనివాడు అంగడిలోను దానిని భయముచేతనే పాటించుచున్నాడని యెంచవలసి వచ్చును.

రెండవది దానము. సమంతభద్ర ఆచార్యుడు రత్నకరండ శ్రావకాచారములో ఆహారము, ఔషధము, ఉపకరణము, ఆవాసము అను నాలుగు దానములను చెప్పెను. ఆచార్యుడు ముఖ్యముగా సంయమికి చేయు సేవను గూర్చి చెప్పినను, ఇతరునకు పనికివచ్చు సాధనమును ఇచ్చుట యను మర్మమును గృహస్థులు ఎచ్చటనైన గ్రహింపవచ్చును. పక్షవాతము వచ్చినవారికి నడక నేర్పు ఆసుపత్రి, విద్యార్థుల వసతిగృహము, యువకుల వ్యాయామశాల, ఇట్టివాటికి ఈయవచ్చును. అయితే ముందుగా “మీకు కావలెనా, పెట్టుటకు చోటున్నదా?” అని అడుగవలెను. బాగుచేయించి, పంపు ఖర్చును కూడ భరించి యిచ్చునది దానము. చెడిన దానిని మోయించి, ఫలకముపై పేరు వ్రాయించుకొనుట దానము కాదు. తన యింటి చెత్తను ఇతరుల యింట పోయుటయే.

మూడవది విడదీయుట. ఏ విధమునను పనికిరానిది పాత ఇనుపసామాను కొనువానికి పోవలెను. ఇనుపచట్రము, బరువులు సులభముగా కరిగి వేరు రూపము ధరించును. విద్యుత్ పరికరములున్న వ్యాయామసాధనములు మాత్రము ఇ-వ్యర్థముల నియమముల క్రిందికి వచ్చును. 2022లో ప్రకటింపబడిన ఆ నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. కావున మోటారును, విద్యుత్ పలకను అధికారము పొందిన పునరుపయోగ సంస్థలకే చేర్పవలెను. రాగి కొరకు తీగలను పెరటిలో కాల్చుట ఎంతమాత్రము తగదు. ఆ విషపు పొగకు నేలలోని, గాలిలోని జీవులు బలియగును. కాల్చు కూలివాని ఊపిరితిత్తులును బలియగును.

ఇంతకన్న మేలైన దారి మరియొకటి కలదు: పదియిండ్లు కలిసి ఒక సాధనమును ఉంచుకొనుట. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. 1954లో వారికి పద్మశ్రీ లభించెను. ఒక్కొక్క మగ్గమునకు అందని నూలు, అంగడి, అప్పు సంఘము ద్వారా అందగలవని ఆ కృషి నిరూపించినది. బట్టకు చెల్లిన నీతి ఆరోగ్యమునకు చెల్లదా? సమాజ మందిరములోనో, పాఠశాలలోనో ఒక గది ఏర్పరచి, పదియిండ్ల సామానులో బాగుగా ఉన్నవానిని అచ్చట చేర్చినచో, తొమ్మిది యిండ్లలో చోటు మిగులును. ఒకరినిచూచి ఒకరు వ్యాయామము చేయుదురు. ఒంటరిగా ఉన్నపుడు “రేపు” అనువాడు నలుగురిలో “ఇప్పుడే” అనును.

యంత్రము పోయిన పిమ్మట ఆరోగ్యమేమగును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచన ననుసరించి, పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయవలెను. అనగా వారమునకు ఐదు దినములు అరగంట చురుకైన నడక. ఇందుకు వెల లేదు. సూర్యాస్తమయమునకు ముందే భుజించు జైనునకు ఇతరులకు లేని ఒక సౌకర్యము కలదు: భోజనమునకును నిద్రకును నడుమ తగిన వ్యవధి. వెలుతురు ఉండగనే, నాలుగు మూరల దూరము నేలను చూచుచు నడచినచో ఈర్యాసమితి అభ్యాసమగును, దేహమునకు వ్యాయామమగును. దేవాలయమునకు వాహనము మాని నడచి పోవుట, ఖమాసమణములను తొందరపడక ఐదంగములు నేల తాకునట్లు చేయుట, కాయోత్సర్గములో వెన్ను నిటారుగా నిలుపుట, ఇవన్నియు పూర్వులు విడిచిపోయిన ఆస్తి. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము ఉపవాసమునకు, క్రొత్తగా వ్యాయామమునకు పూనుకొనునపుడు వైద్యుని అడిగి తీరవలెను. తపస్సు పేర శరీరమును పడవేయుట ధర్మము కాదు.

పైని చెప్పిన బట్టల వర్తకుడు అట్లే ముప్పది దినముల నియమము పట్టెనని భావింపుడు. గోడమీద తొమ్మిది గుర్తులు మాత్రమే పడినవి. ఆ తొమ్మిది గుర్తులు వేయి ఉపదేశముల పని చేసినవి. ఆతడు యంత్రమును బాగుచేయించి, దాని లోపములను కాగితము మీద వ్రాసి, అడిగి ఒప్పుకొన్న ఒక వ్యాయామశాలకు ఇచ్చెను. బెంగుళూరి కుమారునకు మొదట మనసు నొచ్చినది. “నీ ప్రేమను ఇవ్వలేదు నాయనా, ఇనుమును ఇచ్చినాను. నీవు పండుగకు వచ్చినపుడు నాతో నడువు” అని తండ్రి చెప్పగా ఊరడిల్లెను. నాటినుండి తండ్రి సాయంకాలము ఊరి వెలుపలి చేల దారిని నడచుచున్నాడు. వ్యాధి మాయము కాలేదు. అట్టి మాట చెప్పుట అసత్యము. కాని సాధనమున్నదను సాకు పోయినది; నడక మిగిలినది. తూర్పు కిటికీ దగ్గర కటాసనము మరల పరువబడినది.

దీపావళికి వీరనిర్వాణమును స్మరించి క్రొత్త లెక్కపుస్తకములు తెరచుట వర్తక కుటుంబముల ఆచారము. పాత బాకీలు చూచుకొందురు. కదలని సరుకును వేరుచేయుదురు. ఆ దినములలోనే ఇంటిసామానునకు గూడ ఒక పుట కేటాయించవలెను. ప్రతి వస్తువునకు ఎదురుగా ఒక్క ప్రశ్న వ్రాయవలెను: ఈ యేడు దీనిని ఎన్ని దినములు వాడితిమి? సున్న వచ్చిన చోట సిగ్గుపడి కన్నులు మూసికొనరాదు. ఆ సున్నయే మూర్ఛ యొక్క కొలత. దానిని చూచినవాడు లాభములో ఉన్నాడు. చూడనివాడు, పుస్తకములో ఎంత నిలువ చూపినను, నష్టములో ఉన్నాడు. ఇంటి బరువు తగ్గినకొలది జీవుని బరువు తగ్గును. తేలికయైన నావ అలలకు జంకక ఒడ్డు చేరును.

జయ జినేంద్ర!